జీపుకు పెట్టిన తూము

పోయిన వారం కారు బీమా కాగితాలు నింపుతూ ఒక ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగిపోయాను. "వాహన దొంగతనాన్ని నిరోధించే అమరిక ఏదైనా ఉన్నదా? ఉన్నచో వివరించండి" అని ఉంది. వివరించడానికి ఇచ్చిన గడి నా బొటనవేలి గోరంత. ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి కనుక "వివరించండి" అన్న మాట చూస్తే ఎన్ని మార్కులకో అని వెతుక్కుంటాను. కానీ నన్ను ఆపింది గడి చిన్నది కావడం కాదు, "నిరోధించే" అన్న మాట. ఒక అమరిక దొంగతనాన్ని నిరోధించిందని ఎవరికైనా ఎలా తెలుస్తుంది? దొంగతనం జరిగితే అమరిక పనిచేయలేదని తేలిపోతుంది. జరగకపోతే దొంగే రాలేదేమో. జరగని దొంగతనాలను లెక్కపెట్టే మార్గం నాకు తెలిసి ఇప్పటికీ లేదు. కాబట్టి ఈ రకం అమరికల గురించి అమ్మేవాళ్లు చెప్పేది ఏదీ నేను నమ్మను. నా ఎదుట పరీక్షకు నిలబడినది ఒక్కటే ఉంది. తొంభైల నడుమ మా చిన్నాయన జీపులో ఉండేది. దాని సంగతి ఆ గడిలో పట్టదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

చిన్నాయన అంటే మా నాయనకు తమ్ముడు. సోమశిల రిజర్వాయరు నీళ్ల కింద ఉన్న ఊళ్లలో మాదీ ఒకటి. మా నాయన బడిపంతులుగా అంతకుముందే ఉదయగిరి చేరి ఉండడంతో, నిజంగా మునిగింది చిన్నాయనే. పెన్న ఒడ్డున ఆయనవి మూడెకరాల వరి కయ్యలు. వాటికి బదులుగా వచ్చిన పరిహారాన్ని చిన్నమ్మ పట్టుదలతో ముట్టకుండా దాచింది. కొన్నేళ్లు ఆయన ఉదయగిరి చుట్టుపక్కల పరుల చేలు కౌలుకు చేశాడు. మెట్ట నేల ఆయనకు అచ్చిరాలేదు. చివరికి నలభై ఆరో ఏట, దాచినదంతా తీసి ఊళ్ల మధ్య మనుషులను చేరవేయడానికి ఒక పాత డీజిల్ జీపు కొన్నాడు. ఆ వయసులో డ్రైవింగు నేర్చుకున్నవాణ్ణి అప్పటికి నేను చూడలేదు. మలుపు తిప్పేటప్పుడు స్టీరింగుతో పాటు ఒళ్లంతా పక్కకు వాల్చి, ఎడ్లను మలిపినట్టు నోటితో ఒక శబ్దం చేసేవాడు. ఎదురుగా లారీ వస్తే వేగం తగ్గించడానికి బదులు "ఉండు, ఉండు" అని జీపుకు చెప్పేవాడు. జీపు కొన్నిసార్లు వినేది. కయ్యలు పోయినప్పుడు జీపు వచ్చింది. జీపు పోతే దాని బదులు రావడానికి ఇక ఏమీ లేదు. ఆయన భయానికి ఇంతకు మించిన వివరణ అవసరం లేదు.

ఆ భయానికి ఆ ఏడాది కారణమూ దొరికింది. జీపులు మాయమవుతున్నాయని ఒక వార్త పుట్టింది. వింజమూరులో ఒకటి పోయిందన్నారు, ఆత్మకూరులో రెండన్నారు, నెల్లూరు నుంచి ఒక ముఠా దిగిందన్నారు. ఆ ముఠాలో ఒక ఆడమనిషి ఉందనీ, ఆమె చంటిబిడ్డతో ముందు సీట్లో కూర్చుంటుందనీ కూడా చెప్పారు. చంటిబిడ్డ దాకా వచ్చాక నాకు అనుమానం పుట్టి, ఒక్కొక్క కథనూ చెప్పినవాళ్ల దగ్గరి నుంచి వెనక్కి పట్టుకుని పోయాను. ఆత్మకూరు జీపుల్లో ఒకదాన్ని తీసుకుపోయింది ఓనరు బావమరిది. మరొక జీపు అసలు ఎప్పుడూ లేదు. కానీ వింజమూరు జీపు మాత్రం నిజంగానే పట్టపగలు పోయింది, మళ్లీ దొరకలేదు. ఈ ఫలితాన్ని నేను చిన్నాయనకు ఊరటగా చెప్పబోయాను. ఆయన చివరిదొక్కటే విన్నాడు.

అప్పటినుంచి జీపు కనబడనిచోట ఆయన కూర్చోలేదు. మధ్యాహ్నం అన్నం టిఫిను డబ్బాలో జీపులోనే. మాది తాతల నాటి నుంచి బాప్టిస్టు కుటుంబం. ఆదివారం ఆరాధనలో ఆయన కిటికీ పక్క చోటు చూసుకుని, జీపు మీదే కళ్లుంచి కీర్తనలు పాడేవాడు. "ఏందయ్యా, బయట నిలబడింది జీపు, లోపల ఉండేది దేవుడు. అప్పుడప్పుడు ఇటుపక్క గూడా చూడు" అని చిన్నమ్మ మోచేత్తో పొడిచేది. "ఆయన్ని ఎవురూ ఎత్తుకపోర్లే" అనేవాడు.

జీపుకు తాళం లేదా అంటే ఉంది. అది ఏ చెవి పెట్టినా తిరిగేటంతగా అరిగిపోయింది. నేను మా బీరువా తాళంచెవితో ప్రయత్నించి చూశాను, తిరిగింది. అసలు తాళంచెవి తీసే అలవాటే ఉదయగిరి జీపు స్టాండులో లేదు. అక్కడి పద్ధతి తెలియనివాళ్లకు ఇది వింతగా ఉంటుంది. సర్వీసు జీపులు వరుసలో నిలబడతాయి. ముందు బండి నిండి కదలగానే వెనకవన్నీ ఒక్కొక్క అడుగు ముందుకు జరగాలి. ఆ సమయానికి ఒక డ్రైవరు టీ తాగుతుంటాడు, ఒకడు కునుకు తీస్తుంటాడు. దగ్గరున్నవాడు ఎవరైతే వాడు ఎక్కి ఆ బండిని కూడా జరిపేస్తాడు. కాబట్టి తాళంచెవి బండిలోనే ఉండాలి. దాన్ని జేబులో వేసుకుపోయేవాడు తోటివాళ్లను అనుమానించినట్టే లెక్క. చిన్నాయనకు జీపు పోతుందన్న భయం ఎంతో, స్టాండులో పరువు పోతుందన్న భయమూ అంతే.

ఈ రెండు భయాలనూ తీసుకుని మేమిద్దరం ఆత్మకూరులో ఒక మెకానిక్కు దగ్గరికి పోయాం. అందరూ భాయ్ అని పిలిచే ఆ సన్నపాటి మనిషి ఇంజను కింద పడుకునే మాట్లాడేవాడు. నేను ఆయన ముఖం పూర్తిగా చూసింది రెండోసారి పోయినప్పుడే. స్టార్టరు వైరుకు ఎక్కడైనా దొంగ స్విచ్చి పెట్టమని నా సలహా. బయటికి చాచిన కాళ్లు నాకు జవాబు చెప్పాయి.

"స్టార్టరు లేకుంటే తోసి స్టార్టు చేస్తాడు సార్. డీజిల్ ఇంజన్ ఒకసారి తిరిగిందంటే దానికి కరెంటుతో పనిల్యా. తిండి ఆపాల, తిండి."

అలా ఆయన చేసిన పని ఇది. సీటు వెనక, జాకీ పెట్టే డబ్బా అడుగున, ట్యాంకు నుంచి వచ్చే డీజిల్ గొట్టాన్ని కోసి, మధ్యలో కుళాయి లాంటి ఒక ఇత్తడి కాక్ బిగించాడు. దాని పిడి పైకి ఉంటే డీజిల్ పారుతుంది, అడ్డంగా తిప్పితే ఆగుతుంది. మీద పాత గోతాం, గోతాం మీద జాకీ. తెలియనివాడు వెతికి పట్టుకోవడం కష్టమే అని ఒప్పుకున్నాను. కానీ ఒక లోపం నాకు వెంటనే తోచింది. కాక్ మూసినా ఫిల్టర్లో, పంపులో, గొట్టాల్లో అప్పటికే ఉన్న డీజిల్ మిగిలే ఉంటుంది. అది అయ్యేదాకా ఇంజను నడుస్తుంది. దొంగ జీపెక్కి దర్జాగా ఊరు దాటతాడు. ఈ మాటే చెప్పి, ఇది నిరోధించడం కాదు, ఆలస్యం చేయడం మాత్రమే అన్నాను.

భాయ్ మొదటిసారిగా ఇంజను కింది నుంచి తల సగం బయట పెట్టాడు. ఏదో అనబోతుండగా చిన్నాయన అందుకున్నాడు. "ఏందిరా నువ్వు చెప్పేది? తూము మూస్తానే కయ్యకు నీళ్లు ఆగిపోతాయా? కాలవలో ఉండేయి పారాల్సిందే గదా. తెలీకనా? అదే నాకు కావాల్సింది. స్టాండులో మనోళ్లు నాలుగడుగులు జరుపుకుంటారు, కాలవలో నీళ్లతో. నేను వాళ్లకి చెప్పబళ్లా, వాళ్లు నన్ను అడగబళ్లా."

నేను లోపం అన్నది ఆయనకు ఆ అమరికలో అన్నిటికన్నా ముఖ్యమైన సుగుణం. ఇంజను తక్షణం ఆగిపోయే ఏర్పాటైతే, మొదటి రోజు మధ్యాహ్నానికే దాని రహస్యం స్టాండులో ప్రతి డ్రైవరుకూ చెప్పవలసి వచ్చేది. ఎమ్మెస్సీ చదివిన నేను గొట్టం ఒక్కటే చూశాను. ఆయన గొట్టంతో పాటు స్టాండునూ చూశాడు. ఆ రోజు నుంచి ఆ కాక్ పేరు మా ఇంట్లో తూము. భాయ్ మళ్లీ ఇంజను కిందికి పోతూ, "పెద్దాయనకు దిమాక్ ఉండాది సార్" అన్నాడు. నాకు ఉందో లేదో చెప్పలేదు.

తూముకు చిక్కిన మొదటి దొంగ చిన్నాయనే. ఒక సోమవారం ఉదయగిరి స్టాండులో పదకొండు మందిని ఎక్కించుకుని, తూము తెరవడం మరిచి బయలుదేరాడు. నేను ముందు సీట్లో ఉన్నాను. ఊరు దాటాక జీపు రెండుసార్లు దగ్గి, మూడోసారి ఊపిరి వదిలేసింది. వెనక ఒక అవ్వ తట్ట దింపుకుంటూ, "ఏంది నాయనా, నీ బండికి సోమవారం గూడా సెలవేనా?" అంది. తూము సంగతి చెప్పకూడదు కనుక చిన్నాయన "గాలి పట్టినాదిలే అవ్వా" అన్నాడు. అది అబద్ధమూ కాదు. డీజిల్ అయిపోయిన గొట్టాల్లో గాలి చేరుతుంది. ఆ గాలిని వెళ్లగొడితే తప్ప ఇంజను మళ్లీ అందుకోదు. ఫిల్టరు మీది మర వదులు చేసి, చేతిపంపు నొక్కుతూ ఉంటే నురుగు నురుగుగా గాలి వస్తుంది. బుడగలు లేని డీజిల్ కారేదాకా నొక్కాలి. తెలిసినవాడికి పావుగంట పని. చేతులకు పట్టిన ఆ వాసన మాత్రం రెండు పూటల అన్నానికి సరిపోతుంది.

ఆయన పంపు నొక్కుతుండగా నేను రోడ్డు పక్క రాళ్లు చూస్తున్నాను. కిలోమీటరు రాళ్ల మధ్య రెండు వందల మీటర్లకొకటి చిన్న రాళ్లు పాతి ఉంటాయి. స్టాండు నుంచి అయిదు రాళ్ల దూరం వచ్చాం. ఒక్కసారి జరిగినదాన్ని కొలత అనలేము. తరువాతి ఆదివారం ఆరాధన ముగిశాక చిన్నాయనను బతిమాలి, ఖాళీ జీపుతో మూడుసార్లు పరీక్షించాను. తూము మూసి బయలుదేరడం, ఆగినచోట గుర్తు పెట్టడం, గాలి తీయడం, వెనక్కి రావడం. మూడో విడతకు ఆయన ఓపిక తూము తెరవకుండానే అయిపోయింది. "ఒకసారి చూస్తే చాలదంట్రా? పెండ్లిచూపులకు గూడా మూడుసార్లు పోయినావా?" అన్నాడు. పోలేదు. కానీ ఖాళీ జీపు మూడుసార్లూ ఆరో రాయి దగ్గరే, వంద మీటర్లు అటూ ఇటూగా ఆగింది. పన్నెండు వందల మీటర్లు. ఈ సంఖ్యతో ఏం చేసుకోవాలో ఆ రోజు నాకూ తెలియదు. కొలవగలిగినది కొలవకుండా వదలడం నాకు చేతకాదు, అంతే.

ఆ పైన నాలుగైదు నెలలకు, ఒక గురువారం, కాలేజీ పని మీద ఆత్మకూరు పోవడానికి చిన్నాయన జీపు ఎక్కాను. బండి నిండా అనుమసముద్రంపేట దర్గాకు పోయే జనం. వాళ్లను అక్కడ దింపి, ఒక బేరం చూసుకుని ఆత్మకూరు పోదామన్నాడు. దర్గా దగ్గర గురువారం సందడి. జీపుల వరుస చివర మా బండి నిలిపి, తూము మూసి, చిన్నాయన చాలా కాలానికి ధైర్యం చేసి హోటల్లో అన్నానికి పోయాడు. "నువ్వు ఈడనే గదా ఉంటావు" అన్నాడు. అది ప్రశ్న కాదు, అప్పగింత. నేను టీ బంకు ముందు కుర్చీ వేయించుకుని పేపరు చదువుతున్నాను. వరుస కదిలింది. ఒక గళ్ల చొక్కా మనిషి మా జీపు ఎక్కి స్టార్టు చేశాడు. నేను చూశాను. తోటి డ్రైవరు, ముందుకు జరుపుతున్నాడనుకున్నాను. బండి వరుసలోంచి పక్కకు వచ్చింది. తిప్పుకోవడానికి నా కుర్చీ అడ్డంగా ఉంది. అతను మర్యాదగా హారను కొట్టాడు. నేను మర్యాదగా లేచి, కుర్చీ పక్కకు లాక్కుని, మళ్లీ పేపరు అందుకున్నాను. ప్రతి మాటకూ రుజువు అడిగే మనిషి జీవితంలో రుజువు ఇంత దగ్గరగా, హారను కొట్టుకుంటూ వచ్చింది ఆ ఒక్కసారే.

చిన్నాయన చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ఖాళీ జాగా చూసి, నన్ను చూశాడు. నేను వరుస మొదలు చూశాను. అక్కడా లేదు. ఆయన అరవలేదు. రోడ్డు మీద మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. మా అవ్వ చెప్పేది, ఊరు ఖాళీ చేసిన రోజున కయ్య గట్టు మీద ఇట్లాగే కూర్చున్నాడని. డ్రైవర్లు మూగారు. ఒకడు నెల్లూరు దారి పట్టాలన్నాడు, ఒకడు కావలి వైపన్నాడు. "ఎక్కు మామా, ఎక్కు! తొక్కితే అరగంటలో అందుకుంటాం" అని ఒక కుర్రడ్రైవరు తన బండి స్టార్టు చేసి రంకెలు వేయించాడు. నేను కుర్చీ జరిపిన సంగతి అప్పటికి ఎవరికీ చెప్పలేదు.

"చిన్నాయనా, తూము మూసినావా?"

"మూసినాను."

"గుర్తుందా, అలవాటుగా అంటున్నావా?"

తలెత్తి చూశాడు. అంత బాధలోనూ ఆ చూపులో కోపం ఉంది. "ఇరవై ఏండ్లు సేద్యం చేసినోణ్ణిరా. తూము మూయకుండా ఇంటికి పోతానా?"

అది నా ప్రమాణాల ప్రకారం రుజువు కాదు. అయినా అంతకన్నా మంచిది ఆ నిమిషంలో దొరకదు. అయితే జీపు నెల్లూరూ పోలేదు, కావలీ పోలేదు, ఆరు రాళ్లకు మించి ఎటూ పోలేదు అన్నాను. ఆత్మకూరు దారిన అప్పుడే రెండు జీపులు వచ్చాయి. వాటి డ్రైవర్లిద్దరూ మా బండిని ఎరిగినవాళ్లు, దారిలో చూడలేదన్నారు. దర్గా నుంచి బయటపడే దారులు రెండే, కాబట్టి కావలి వైపు పోయే రెండో దారే. కుర్రడ్రైవరు నవ్వాడు. "దొంగ ఆరు రాళ్ల కాడ మీకోసం కూచోనుంటాడా సార్? నా మాట విను మామా, వీళ్ల లెక్కలు నమ్ముకుంటే బండి పోయి తమిళనాడులో తేలతాది." చిన్నాయన ఎవరి మాట వినాలో తేల్చుకోవలసిన నిమిషం అది. పొరపాటైతే మళ్లీ దిద్దుకోవడానికి వీలులేని నిమిషం. ఆయన నన్ను ఒక్కటే అడిగాడు.

"కొలిచినావు గదా?"

"మూడుసార్లు."

లేచి పంచె ఎగగట్టి, "నడువు" అన్నాడు.

నడిచాం. మొదటి రాయి, రెండో రాయి. చదివిన చదువంతా ఒక మనిషి బతుకు మీద పందెం కాసినట్టుంది. గాలి తీసిన తీరు, దారి ఎత్తుపల్లాలు, వరుసలో అప్పటికే ఒకటి రెండుసార్లు జరిపితే ఖర్చయిన డీజిల్, ఇవన్నీ కలిస్తే జీపు ఆరో రాయికి ముందే ఆగాలి. మించి పోవడానికి కారణం లేదు. నాలుగో రాయి దాటాం. అయిదు దాటాం. ఆరో రాయి దగ్గర ఒక తుమ్మచెట్టు, దాని కింద ఒక మేక ఉన్నాయి. రోడ్డు మీద జీపు లేదు. నేను రాయిని చూశాను, మేకను చూశాను, చిన్నాయన ముఖం చూడలేకపోయాను. కుర్చీ జరిపిన సంగతి అప్పుడు చెప్పేశాను.

ఆయన రోడ్డు మలుపు వైపు చూశాడు. తరువాత, "నువ్వు జరపకుంటే గుద్దేసి పోయుండేవోడు. మంచిపనే చేసినావు" అని ముందుకు నడిచాడు. ఎక్కడికి అన్నాను. "నీ కొలత సరిగానే ఉంటాది. ఇంకేందో కలిసింటాది, పా."

మలుపు తిరిగాక వినబడింది. "అయిలెస్స! ఇంకొంచెం, ఇంకొంచెం!" ఒక ఫర్లాంగు అవతల మా జీపు నిదానంగా, ఠీవిగా ముందుకు పోతోంది. ఇంజను శబ్దం లేదు. వెనక అయిదారుగురు భుజాలు ఆనించి తోస్తున్నారు. కూలి పని ముగించుకుని పోతున్న మగవాళ్లు, పక్కన కొంగు బిగించి తోస్తూ తిడుతూ ఉన్న ఒక నడివయసు ఆడమనిషి. స్టీరింగు దగ్గర ఒక మేకలాయన, చేతిలో కర్రతోనే. చక్రం ఆయన తిప్పుతున్నాడో, చక్రమే ఆయనను తిప్పుతోందో చెప్పడం కష్టం.

మేము పరిగెత్తుకుంటూ పోయేసరికి ఆమె మా మీదే విరుచుకుపడింది. "బండి మీదేనా? ఏం డ్రైవర్ని పెట్టుకున్నావు పెద్దాయనా? అక్కా, అన్నా, ఒక్క తోపు తొయ్యండి అన్నాడు. తోసినాం. స్టార్టు కాలా. ముందూరు ట్రాక్టరు మెకానిక్కు కాడికి తోస్తా ఉండండి, నేను నీళ్లు తాగొస్తానని చేలల్లో పడి పోయినాడు. పోయినోడు పోయినట్టే! అన్యాయంగా మమ్మల్ని ఇరికించి పోయినాడు. నడిరోడ్డులో బండిని ఇడిసిపెట్టి పోతామా?"

గళ్ల చొక్కానా అన్నాను. "గళ్ల చొక్కానే" అన్నారు అందరూ. మంచి మాటకారి అని కూడా ఒకాయన చేర్చాడు.

నా లెక్కలో డీజిల్ ఉంది, బరువు ఉంది, ఎత్తుపల్లాలు ఉన్నాయి. ఆగిన బండిని చూస్తే ఎవరిదని అడక్కుండా భుజం ఆనించే మనుషులు లేరు. ఆ దారుల్లో పెరిగిన నేను వాళ్లను మరిచాను. వాళ్లు పాపం దొంగకు సాయం చేస్తూ, దొంగ పారిపోయాక కూడా అతని మాట నిలబెడుతూ, జీపును నాలుగు వందల మీటర్లు తోసుకుపోయారు. చిన్నాయన గోతాం ఎత్తి తూము తెరిచి, బానెట్టు లేపి గాలి తీయడం మొదలుపెట్టాడు. ఇంజను అందుకున్నాక అసలు సంగతి చెప్పాడు. మేకలాయన మెల్లగా జీపు దిగి, దానికి నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. "అయితే మేం దొంగసొమ్ము తోసినామా? మామీద కేసు పడతాదా నాయనా?"

"కేసా? ఎక్కండయ్యా, మీ ఇండ్ల కాడ దించుతా" అన్నాడు చిన్నాయన. ఆమె మాత్రం ముందు సీటు అయితేనే ఎక్కుతానంది. దొంగ తనకు ముందు సీటు ఇస్తానన్నాడట. నేను వెనక్కి పోయాను.

వాళ్లను దించి, పోలీసుల చెవిన వేయడం మంచిదని స్టేషనుకు పోయాం. రాసుకునే ఆయన పెద్దవయసు మనిషి, నిదానస్థుడు. పేరు అడిగాడు, తండ్రి పేరు అడిగాడు. తరువాత, "ఏం పని చేస్తావు?" అన్నాడు. చిన్నాయన రేషను కార్డులో, ఓటర్ల జాబితాలో, ఆయన కొడుకుల బడి కాగితాల్లో ఈ ప్రశ్నకు జవాబులన్నీ ఆయన చెప్పగా రాసినవాణ్ణి నేనే. ప్రతిచోటా సేద్యం అనే రాయించాడు. ఏ భూమిలో అని అడగడానికి నాకు ఎప్పుడూ నోరు రాలేదు. జీపు కొన్న తరువాత కూడా, అదెవరో పరాయివాళ్ల బండిని తాత్కాలికంగా తోలుతున్నట్టే మాట్లాడేవాడు. నెలకోసారి సోమశిల పోయి, నీళ్ల వైపు చూసి, ఎవరితోనూ ఆ సంగతి ఎత్తకుండా తిరిగి వచ్చేవాడు. అలవాటు కొద్దీ నేను "సేద్యం" అనబోయాను.

"డ్రైవర్ని" అన్నాడు చిన్నాయన. రాసుకునే ఆయన కలం కదిలేదాకా ఆగి, సరిగా వినబడలేదేమోనని మరోసారి చెప్పాడు. "జీపు డ్రైవర్ని సార్. బండి నాదే."

బయటికి వచ్చాక ఆయన ఏమీ మారినట్టు కనిపించలేదు. ఆత్మకూరు ఎవరైనా ఉన్నారా అని కేకేసి, ముగ్గురిని ఎక్కించుకుని, మలుపు దగ్గర ఎప్పటిలాగే ఒళ్లంతా వాల్చాడు. గళ్ల చొక్కా మనిషి ఎవరో ఇప్పటికీ తెలియదు. ఆ జీపు మరో తొమ్మిదేళ్లు నడిచింది. ఆ తొమ్మిదేళ్లూ తూము వల్లనే ఎవరూ దాని జోలికి రాలేదని నేను చెప్పలేను. ఆయన మాత్రం మరుసటి ఆదివారం ఆరాధనలో కిటికీకి దూరంగా, మధ్య వరుసలో కూర్చున్నాడని చిన్నమ్మ చెప్పింది. ఆ పై ఆదివారం నేనూ పోయి చూశాను, నిజమే. కాలం మనుషులను ఒడ్డుకు చేరుస్తుందన్న మాటను నేను ఊరికే నమ్మేవాణ్ణి కాను. కానీ నీళ్లు ఒక్క వానాకాలంలో ముంచిన మనిషిని మళ్లీ గట్టెక్కించడానికి కాలానికి ఎన్నేళ్లు పట్టిందో, ఏ గురువారం సాయంత్రం ఆ పని పూర్తయిందో, పక్కన నిలబడి చూశాను.